పిల్ల కడుపుకి లారీ టైం తెలవదు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈయాళ ఎలక్షన్ల గురించి కాదు, రేత్రి అన్నం గురించి రాస్తన్నా. నవ్వకండి. చివరిదాకా చదివితే ఇదీ రాజకీయమే అంటారు.

2023 డిసెంబరు 12న మన రాష్ట్రంలో అంగన్‌వాడీ అక్కలు సమ్మెకి దిగారు. 42 రోజులు సాగింది. మధ్యలో జనవరిలో వాళ్ల మీద ఎస్మా కూడా పెట్టారు. ఆ రోజుల్లో నేను పొద్దున్నే బయల్దేరి ఏలూరులో శిబిరం కాడికి పోయేవాణ్ణి. పిల్లల తిండి గురించి మైకులో గట్టిగా మాట్టాడేవాణ్ణి. ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర, పది అయ్యేది. నా కూతురికి అప్పుడు నాలుగేళ్లు. "నాన్నొచ్చాక అందరం తిందాం" అని వాళ్లమ్మ గిన్నెల మీద మూతలు పెట్టి కూచునేది. నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికి పిల్ల చాప మీద నిద్దరోతా ఉండేది. పక్కన ఖాళీ చిప్స్ ప్యాకెట్టు. లేపితే ఏడుపు. నోట్లో ముద్ద పెడితే బుగ్గన పెట్టుకుని తూగేది.

ఒకరోజు శిబిరంలో ఒక ఆయమ్మ నన్నడిగింది: "మా సెంటర్లో పిల్లలకి పన్నెండు దాటకుండా అన్నం పెడతాం బాబూ. మీ పిల్లకి రేత్రి ఎన్నింటికి పెడతన్నారు?" నాకు నోట మాట రాలేదు. ఆ మాటే ఈ వ్యాసం.

ముందు కడుపు లెక్క చెప్పుకుందాం. చిన్నపిల్లల పొట్ట చిన్నది. ఒక్కసారి ఎక్కువ పట్టదు, పెట్టింది తొందరగా అరిగిపోద్ది. అందుకే తొమ్మిది నెల్లు దాటిన పసివాళ్లకి రోజుకి మూడు నాలుగు సార్లు అన్నం, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి పెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. మూడు నాలుగేళ్ల పిల్లకి పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని కూడా ఆ సంస్థే 2019లో చెప్పింది. ఇప్పుడు మనిళ్లు చూడండి. పిల్ల పన్నెండింటికి అంగన్‌వాడీలో తిన్నది. మళ్లీ అన్నం తొమ్మిదింటికి. మధ్యలో తొమ్మిది గంటలు. ఆ ఖాళీలోకి ఐదు రూపాయల ప్యాకెట్టు దూరుద్ది. ప్యాకెట్టు ఆకలిని చంపుద్దిగానీ కడుపు నింపదు. ఏడింటికి పిల్ల మారాం మొదలెడితే మనం "మొండిదైపోయింది" అంటాం. అది మొండితనం కాదు. ఆకలీ నిద్రా ఒకేసారి వచ్చినయ్యి, చెప్పటం రాక ఏడుస్తంది.

మన ముసలమ్మలకి ఈ లెక్క తెలుసు. దీపాలు పెట్టే వేళకే పిల్లల్ని వాకిట్లో కూచోబెట్టి, చందమామని చూపించి గోరుముద్దలు తినిపించేవాళ్లు. పెద్దాళ్లు ఎప్పుడు తిన్నా సరే, పిల్లల తిండి పెందలాడే అయిపోయేది. మరి ఆ పద్ధతి ఏమైపోయింది? ఆడాళ్లకి బద్ధకం వచ్చిందనే పెద్దమనుషులుంటారు. వాళ్లని ఒక్క సాయంత్రం కొల్లేరు లంకల వైపు రమ్మనండి.

అక్కడ తండ్రి చేపల చెరువు మీద కూలి. పట్టుబడి ఉంటే అర్ధరేత్రో తెల్లారగట్లో పోవాలి. తల్లి రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. సరుకు లారీ ఎప్పుడొస్తే అప్పుడు పని, సరుకు అయిపోయినప్పుడే ఇల్లు. చందమామని చూపించాల్సిన అమ్మమ్మ కూడా ఆ షెడ్డులోనే ఉంది. అంగన్‌వాడీకి పొద్దుండగానే తాళం పడుద్ది. అక్కణ్ణుంచి తల్లి వచ్చేదాకా పిల్ల ఎవరింట్లో ఉంటది, ఏం తింటదనేది ఆ రోజు అదృష్టం. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు కాడ కూడా ఇంతే. లోడు దిగేదాకా హమాలీ ఇల్లు చేరడు, అతనొచ్చేదాకా ఇంట్లో కంచం లేవదు. ఇక్కణ్ణుంచి శీలావతి, బొచ్చె ఐసు పెట్టెల్లో కలకత్తా దాకా టైముకి పోతన్నయ్యి. పట్టినోళ్ల పిల్లకి మాత్రం టైముకి ముద్ద లేదు.

లారీ టైం మన చేతుల్లో లేదు, ఒప్పుకుంటా. మన చేతుల్లో ఉన్నయ్యి కొన్ని ఉన్నాయి. మా ఇంట్లో పెట్టుకున్నవి చెప్తా.

ఒకటి, పిల్ల అన్నానికీ పెద్దాళ్ల అన్నానికీ ముడి విప్పేశాం. పిల్లకి ఆరున్నర, ఏడు మధ్య అన్నం. ఎవరు వచ్చినా రాకపోయినా అంతే. అందరం కలిసి తినాలన్న ముచ్చట పొద్దున టిఫిను కాడ తీర్చుకుంటన్నాం.

రెండు, పొద్దున వండినప్పుడే పప్పు కొంచెం ఎక్కువ ఉడకేసి, కారం వెయ్యకముందే పిల్ల వాటా తీసి వేరే గిన్నెలో పెడతాం. ఎండాకాలం ఫ్రిజ్జు లేని ఇల్లయితే ఆ పని చెయ్యొద్దు, పాడైపోద్ది. సాయంత్రమే గుప్పెడు పెసరపప్పు బియ్యంలో కలిపి ఉడకేస్తే చాలు. అన్నం, పప్పు, నెయ్యి చుక్క, ఒక గుడ్డు, చివర్లో పెరుగు. ఇరవై నిమిషాల పని.

మూడు, నాలుగున్నర ఐదు మధ్య ఒక అరటిపండో, ఉడకేసిన వేరుశనక్కాయలో, సున్నుండో. నాలుగేళ్లలోపు పిల్లకి గింజలు మెత్తగా నలిపి పెట్టాలి, లేపోతే గొంతుకి అడ్డం పడతయ్యి. ఆ తర్వాత అన్నం దాకా ఏమీ ఇవ్వం.

నాలుగు, చేప మధ్యాహ్నం పెడతాం. శీలావతికీ బొచ్చెకీ సన్నముళ్లు ఎక్కువ. నిద్రమత్తులో ఉన్న పిల్లకి రేత్రిపూట పెట్టే కూర కాదది. కొరమేనుకి ముల్లు తక్కువ, దొరికితే అది మేలు.

ఐదు, తినేటప్పుడు ఫోను ఇవ్వం, వెంటబడం. అమెరికాలో ఎలిన్ శాటర్ అనే పోషకాహార నిపుణురాలు చెప్పిన పద్ధతొకటి నాకు నచ్చింది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అనేది పెద్దాళ్ల పని. ఎంత తినాలి అనేది పిల్ల ఇష్టం. మొదటి వారం మా పిల్ల నాలుగు ముద్దలు తిని లేచిపోయింది. మా ఆవిడ కంగారుపడింది. రెండోవారానికి ఆరున్నర కాకముందే కంచం తనే తెచ్చుకుంది.

అన్నం అయ్యాక కాళ్లు కడిగి, దోమతెర కట్టి, ఎనిమిదిన్నరకల్లా పక్కెక్కించటం. కొల్లేరు పక్క ఊళ్లలో దోమల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు మాట. ఈ ఆరున్నర అన్నం ఎవరు పెట్టాలి? 2024లో కేంద్ర గణాంక శాఖ సమయ వినియోగ సర్వే చేసింది. ఇంటిపనిలో చెయ్యి పెట్టినోళ్ల లెక్క తీస్తే ఆడాళ్లు రోజుకి 289 నిమిషాలు, మగాళ్లు 88 నిమిషాలు. అంటే ఆమెకి దగ్గర దగ్గర ఐదు గంటలు, మనకి గంటన్నర కూడా లేదు. పెళ్లయిన తమ్ముళ్లూ, ఆరింటికి సెంటర్లో క్యారమ్స్ ఆడతా ఉంటే ఆ ఆట ఎవరి టైములో ఆడతన్నారో ఒకసారి ఆలోచించండి. పప్పన్నం కలపటానికి డిగ్రీ అక్కర్లేదు. నేను పదో తరగతి తర్వాత బడికి పోలేదు, నలభై దాటాక నేర్చుకున్నా. సాయంత్రం మీటింగులుంటే నా మాట ముందు పెట్టమంటన్నా, ఆరింటికి లేచొచ్చేస్తన్నా. మొదట్లో నవ్వారు. ఇప్పుడు ఇంకో ఇద్దరు నాతో లేస్తన్నారు.

ఇద్దరూ పనిలోనే ఉన్న ఇంటికి ఈ సలహాలు సరిపోవు. అక్కడ సర్కారూ షెడ్డు యజమానీ దిగాలి. పనిచేసే ఆడాళ్ల పిల్లలకి గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. 2017లో ప్రసూతి చట్టం సవరించి, 50 మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ ఉన్న సంస్థల్లో క్రెష్ పెట్టాలన్నారు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లకి అంగన్‌వాడీ నుంచి రోజుకి 500 కేలరీల తిండి హక్కు. మిగతా కడుపు ఇంట్లోనే నిండాలి, ఆ ఇంట్లో సాయంత్రం మనిషే లేకపోతే ఎట్టా? కాబట్టి అడగాల్సింది రెండు: రొయ్యల షెడ్ల కాడ పిల్లల గది, తల్లులు పనినుంచి వచ్చేదాకా ఊళ్లో తెరిచుండే ఒక సెంటరు. ఆ సెంటర్ని నడిపే అక్కలకి దానికి తగ్గ జీతం. ఉన్న అంగన్‌వాడీ టీచరు నెత్తినే ఇంకో మూడు గంటలు రుద్దటం కాదు.

ఈ వారం ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో, మీ వీధిలో ఆరేళ్లలోపు పిల్లలు రేత్రి ఎన్నింటికి తింటన్నారో ఏడు రోజులు ఒక కాయితం మీద రాయండి. ఎనిమిది దాటిన ఇళ్లు ఎన్నో, ఎందుకు దాటిందో పక్కన రాయండి. నాన్న కోసం ఆగారా, అమ్మ షెడ్డులో ఉందా, సీరియల్ అయ్యేదాకా ఆగారా. మొదటిదీ మూడోదీ మన ఇళ్లల్లో సరిచేసుకుందాం. రెండోది ఎక్కువ కనపడితే ఆ కాయితం పట్టుకుని అందరం కలిసి పంచాయతీ కాడికి పోదాం. సాయంత్రం ఆరులోపే పోదాం, ఇంటికెళ్లి పిల్లలకి అన్నం పెట్టాలి.