సూరత్ బడి రిజిస్టరులో ‘తొలగించు’ అంటే ఏమిటి?

సూరత్ పవర్‌లూమ్ వాడల్లో తెలుగు వినిపించడం కొత్త కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా ఉంటున్నాయి. నగరపాలక సంస్థ ప్రాథమిక బడులు గుజరాతీతో పాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్, తెలుగు మాధ్యమాల్లోనూ నడుస్తున్నాయి. అలాంటి ఊరికి విద్యార్థుల రిజిస్టరును వెబ్ అప్లికేషన్‌గా రాయాలనుకుందాం. ఇది కేవలం ఊహ, అక్కడ ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్ గురించి కాదు.

సమాచారాన్ని పట్టికల్లో, వరుసలు, కాలమ్‌లుగా దాచే పద్ధతిని ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించారు. నేటి ప్రోగ్రామర్లు ఎక్కువగా ‘ఆబ్జెక్టుల’ భాషలో ఆలోచిస్తారు: విద్యార్థి ఒక ఆబ్జెక్టు, తరగతి ఇంకొకటి. ఈ రెంటికీ మధ్య దుబాసీ పని చేసేదే ఓఆర్‌ఎం, అంటే ఆబ్జెక్ట్ రిలేషనల్ మ్యాపర్. దాని మీద చాలామంది ఇంకో పొర వేస్తారు. మార్టిన్ ఫౌలర్ 2002 నాటి పుస్తకంలో దాన్ని సర్వీస్ లేయర్ అన్నారు. చేర్చు, వెతుకు, మార్చు, తొలగించు అనే నాలుగు పనులను ఒక్కసారి సాధారణ రూపంలో రాసిపెడితే విద్యార్థులు, ఉపాధ్యాయులు, పుస్తకాలు అన్నీ వాటినే వాడుకుంటాయి. ఎంతో శ్రమ ఆదా అవుతుంది.

చిక్కు ‘తొలగించు’ దగ్గర వస్తుంది. మగ్గాల పని తగ్గి ఒక కుటుంబం ఏడాది మధ్యలో సొంతూరికి వెళ్లిపోయింది. గుమస్తా ఆ పిల్ల పేరు మీద తొలగించు నొక్కాడు. సాధారణ సర్వీసుకు తెలిసింది ఒక్కటే, ఆ వరుసను తుడిచెయ్యడం. దానికి ముడిపడిన వరుసలూ పోవాలని డేటాబేస్‌లో ముందే నిర్ణయించి ఉంటే, హాజరూ మార్కులూ వెంటే మాయమవుతాయి. నాలుగు నెలలకు కుటుంబం తిరిగొస్తే ఆ పిల్ల చదివిందనడానికి ఆధారమే మిగలదు.

అలాగని అందరూ వాడే మాతృ సర్వీసును మార్చకూడదు. పొరపాటున రెండుసార్లు ఎక్కిన పుస్తకాన్ని నిజంగానే తుడిచెయ్యాలి కదా. విద్యార్థులకు వేరే పిల్ల సర్వీసు రాసి, మాతృ సర్వీసు గుణాలన్నీ దానికి వారసత్వంగా ఇచ్చి, తొలగించు ఒక్కదాన్నే కొత్తగా నిర్వచించాలి. ఇకమీదట అది వరుసను తుడవదు, ‘బడి వదిలిన తేదీ’ కాలమ్ నింపుతుంది. పని అయిపోయిందనిపిస్తుంది. కానీ అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

తేదీ ఉన్నవారిని ‘వెతుకు’ దాచాలి, లేకపోతే వెళ్లిపోయినవాళ్లూ హాజరు పట్టీలో కనిపిస్తారు. దాస్తే ఇంకో తమాషా మొదలవుతుంది. పిల్ల తిరిగొచ్చింది, గుమస్తా వెతికితే పేరు లేదు. కొత్తగా చేర్చబోతే ఆ గుర్తింపు సంఖ్య ఇప్పటికే ఉందని డేటాబేస్ తోసిపుచ్చుతుంది. తేదీ లేని వరుసలకే ఆ నియమం వర్తించేలా పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేస్‌లలో ఇండెక్స్ కట్టవచ్చు. అయితే అప్పుడు ఒకే పిల్లకు రెండు వరుసలు ఏర్పడి, పాత మార్కులు ఒకచోట, కొత్తవి ఇంకోచోట పడతాయి. నా ఉద్దేశంలో ‘చేర్చు’ను కూడా పొడిగించడమే మేలు: దాచిన వరుసల్లో ముందుగా చూసి, దొరికితే తేదీ చెరిపి దాన్నే మళ్లీ బతికించాలి.

ఇంత చేసినా దొడ్డిదారి ఒకటి మిగులుతుంది. 2005లో విడుదలైన జాంగో ఫ్రేమ్‌వర్క్‌నే తీసుకోండి. అందులో మోడల్ మీద తొలగించు పద్ధతిని మార్చి రాసినా, ఒకేసారి వందల వరుసలను తొలగించే సామూహిక ఆదేశం దాన్ని పిలవదు. దాని డాక్యుమెంటేషన్‌లోనే ఈ మాట ఉంది. కాబట్టి సామూహిక తొలగింపుకూ పిల్ల సర్వీసులోనే దారి పెట్టి, మిగతా కోడ్ ఓఆర్‌ఎంను నేరుగా తాకకుండా చూసుకోవాలి.

ఏడు భాషల ఊరు కాబట్టి ఇంకో సంగతి. యూనికోడ్‌లో దేవనాగరికి కేటాయించిన సంకేతాలు 2304 దగ్గర, గుజరాతీవి 2688 దగ్గర, ఒడియావి 2816 దగ్గర, తెలుగువి 3072 దగ్గర మొదలవుతాయి. పేర్లను వాటి లిపిలోనే దాచి, ఈ అంకెల ప్రకారం వరుస పెడితే గుజరాతీ ‘అ’ 2693, తెలుగు ‘అ’ 3077. అంటే తెలుగు పిల్లల పేర్లు ‘అ’తో మొదలైనా జాబితాలో అందరికన్నా చివరనే ఉంటాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, సాధారణ సర్వీసుకు అంకెలు తప్ప అక్షరాలు తెలియవు, అంతే. ప్రతి పేరునూ ఒకే లిపిలోకి మార్చిన రూపాన్ని వేరే కాలమ్‌లో దాచి, దాని ప్రకారం వరుస పెడితే చిక్కు తీరుతుంది. ఆ కాలమ్‌ను నింపే పని ‘చేర్చు’తో పాటు ‘మార్చు’కూ అప్పగించాలి, లేదంటే పేరు సరిదిద్దాక కూడా ఆ పిల్ల జాబితాలో పాత చోటే ఉండిపోతుంది.