ఇంట్లోనే చెక్కపని చేస్తున్నారా? జాయింటర్ కొనే ముందు ఈ ఒక్క కొలత చూసుకోండి!

యూట్యూబ్ వీడియోలు చూసి సొంతంగా టీపాయ్ చేద్దామని టేకు పలకలు తెస్తారు. నాలుగు పలకలు పక్కపక్కన పెట్టి జిగురు రాసి బిగిస్తారు. తెల్లారి చూస్తే మధ్యలో సందు.. పైన చెయ్యి పెడితే ఎత్తుపల్లాలు! తప్పు జిగురుది కాదు, పలకది. సామిల్లు నుంచి వచ్చినప్పుడు తిన్నగానే కనిపించినా, చెక్క ఆరేకొద్దీ వంగుతుంది, మెలి తిరుగుతుంది. ఆ వంకర తీసే మెషినే జాయింటర్.

అయితే పేరుతోనే ఓ తిరకాసు ఉంది. షాపుకెళ్లి జాయింటర్ అని అడిగితే బిస్కట్ జాయింటర్ చేతిలో పెట్టొచ్చు. అది పలక అంచులో గాడి కొట్టే చిన్న టూల్, దీనికీ దానికీ సంబంధం లేదు. సర్ఫేస్ ప్లేనర్ అనో, రందా మెషిన్ అనో అడిగితే సరైనది చూపిస్తారు.

థిక్‌నెస్ ప్లేనర్ ఉంటే సరిపోదా?

చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. థిక్‌నెస్ ప్లేనర్‌లో రోలర్లు పలకను కిందికి అదిమి లాగుతాయి. అదిమినంతసేపూ వంకర పోయినట్టే ఉంటుంది, బయటికి రాగానే మళ్లీ లేస్తుంది. అంటే వంకర పలక వంకరగానే బయటికొస్తుంది.. కాకపోతే మందం అంతటా ఒకేలా ఉంటుంది.

జాయింటర్ పద్ధతే వేరు. రెండు టేబుళ్లు, వాటి మధ్యలో తిరిగే కట్టర్. పలక బయటికొచ్చే వైపు టేబుల్ బ్లేడ్ల అంచుకు సరిగ్గా సమానంగా ఉంటుంది. పలక పెట్టే వైపు టేబుల్ కాస్త కిందికి ఉంటుంది. ఆ తేడా ఎంతుంటే అంత చెక్క లేస్తుంది. ముందు ఒక ముఖం చదును చేసి, ఆ ముఖాన్ని పక్కనున్న ఫెన్స్‌కు ఆనించి అంచును మూలమట్టానికి తెస్తారు. రెండో ముఖం పని మాత్రం థిక్‌నెస్ ప్లేనర్‌దే.

అసలు లెక్క వెడల్పుదే

బ్లేడ్లు పాడైతే మార్చుకోవచ్చు, మోటార్ కాలితే కొత్తది పెట్టుకోవచ్చు. వెడల్పు మాత్రం కొన్న రోజే ఫిక్స్. 6 అంగుళాల మెషిన్ మీద 8 అంగుళాల పలక ముఖం చదును చేయడం కుదరదు. దాన్ని నిలువునా చీల్చి, విడివిడిగా చదును చేసి మళ్లీ అతికించాల్సిందే. కుర్చీ కాళ్లు, ఫొటో ఫ్రేములు, చిన్న పెట్టెలు చేసేవాళ్లకు 6 అంగుళాలు హాయిగా చాలు. టేబుల్ పైభాగాలు, వెడల్పు షెల్ఫులు చేసే ఆలోచన ఉంటే 8 అంగుళాలకు తగ్గొద్దు. షాపుకెళ్లే ముందు ఇంట్లో ఉన్న పలకల వెడల్పు ఓసారి టేపుతో కొలుచుకుంటే డబ్బు వృథా కాదు.

తర్వాత చూడాల్సింది టేబుల్ పొడవు. రెండు టేబుళ్లూ కలిపి ఎంత పొడవుంటే, దానికి రెట్టింపు పొడవున్న పలక వరకు తిన్నగా చేయొచ్చన్నది పనివాళ్ల మోటు లెక్క. రెండున్నర అడుగుల బల్లమీది మెషిన్‌పై 7 అడుగుల గుమ్మం చెక్క తోస్తే బరువుకు తూలుతుంది, అంచు తిన్నగా రాదు.

బ్లేడ్ల విషయంలో స్పైరల్ కట్టర్ మంచిదే. చిన్నచిన్న కార్బైడ్ ముక్కలుంటాయి, ఒక అంచు మొద్దుబారితే తిప్పి బిగిస్తే చాలు. శబ్దం తక్కువ, ఎదురు పొర ఉన్న చెక్క కూడా అంతగా చిట్లదు. కానీ ధర ఎక్కువ. బడ్జెట్ తక్కువైతే మామూలు తిన్నటి బ్లేడ్లతోనే మొదలుపెట్టి, మిగిలిన డబ్బు వెడల్పు మీద పెట్టడమే తెలివైన పని.

6 అంగుళాల మెషిన్‌కు 1 నుంచి 1.5 హెచ్‌పీ మోటార్ చాలు, ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటు సరిపోతుంది. స్టార్ట్ చేసేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి ఫ్యాన్ ప్లగ్గులో కాదు, ఏసీకి వాడే పవర్ ప్లగ్గులోనే పెట్టాలి. కొనేటప్పుడు ఒక స్టీల్ స్కేలు, మూలమట్టం వెంట తీసుకెళ్లాలి. రెండు టేబుళ్ల మీదా స్కేలు ఆనించి చూడండి. కింద వెలుతురు కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ఏడాదికి ఒకటి రెండు వస్తువులే చేసేవాళ్లకు ఇంత ఖర్చు అవసరం లేదు. దగ్గర్లోని వడ్రంగి షాపులో కూలి ఇచ్చి రందా కొట్టించుకోవడమే నయం.

వేళ్లు జాగ్రత్త!

కట్టర్ నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. కొన్న తర్వాత అడ్డమొస్తోందని గార్డు తీసి పక్కన పడేసేవాళ్లున్నారు, ఆ పని అస్సలు చేయొద్దు. చేతికి గ్లౌజులు వద్దు, బ్లేడుకు తగిలితే చేతినే లాగేస్తాయి. చున్నీ, వదులు చొక్కా చేతులూ అంతే. పలకను తోసేందుకు పిడి ఉన్న పుష్ బ్లాకులు వాడాలి. ఒకేసారి మందంగా కాకుండా 1 మిల్లీమీటర్ చొప్పున తీయాలి. ముక్కుకు మాస్క్ తప్పనిసరి.. చెక్క పొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. ఇక 12 అంగుళాల కంటే పొట్టి ముక్కల్ని ఈ మెషిన్ మీద పెట్టకూడదు. వాటిని చేతి రందాతోనే చదును చేసుకోవాలి.