తుప్పు లాంటి పదార్థం.. నీళ్లు.. ఎండ! హైడ్రోజన్ రెడీ? అసలు అడ్డంకి ఎక్కడంటే..

ఇనుప గేటుకు తుప్పు పడితే గీకి పారేస్తాం. కానీ ఆ తుప్పుకు దగ్గరి చుట్టమైన హెమటైట్ అనే ఐరన్ ఆక్సైడ్‌పై శాస్త్రవేత్తలు ఏళ్లుగా ఆశలు పెట్టుకున్నారు. ఎందుకంటే ఎండతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే పనిలో ఇది సాయపడుతుంది. మరి ఇంకా మార్కెట్లోకి ఎందుకు రాలేదు?

మొదలైంది జపాన్‌లో..

టైటానియం డయాక్సైడ్‌పై కాంతి పడితే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతుందని అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా 1972లో నేచర్ జర్నల్‌లో వెల్లడించారు. తెల్ల పెయింట్లలో వాడేది కూడా ఈ పదార్థాన్నే. అయితే అది పట్టుకునేది అతినీలలోహిత కిరణాలనే. ఎండలో వాటి వాటా 5 శాతం లోపే!

ఎలా పనిచేస్తుంది?

సెమీకండక్టర్‌పై కాంతి పడగానే ఎలక్ట్రాన్ పైకి ఎగురుతుంది. అది వదిలిన ఖాళీని 'హోల్' అంటారు. హోల్ నీటి నుంచి ఆక్సిజన్‌ను విడదీస్తే, ఎలక్ట్రాన్ హైడ్రోజన్‌ను తయారుచేస్తుంది. ఇందుకు కనీసం 1.23 వోల్టులు కావాలి.

హెమటైట్‌తో చిక్కేంటి?

ఇది చవక. మనకు కనిపించే వెలుగునూ వాడుకుంటుంది. కానీ ఇందులో హోల్ కొన్ని నానోమీటర్లు కదిలేలోపే ఎలక్ట్రాన్‌తో కలిసిపోయి మాయమవుతుంది. కాంతిని పూర్తిగా పీల్చుకోవాలంటే మాత్రం వంద నానోమీటర్లకు పైగా మందం కావాలి. పొర మందంగా ఉంటే హోల్ నీటిదాకా చేరదు. పల్చగా ఉంటే కాంతి దూసుకెళ్లిపోతుంది.

నానో టెక్నాలజీ అవసరం ఇక్కడే పడింది. హెమటైట్‌ను బ్రష్ కుచ్చులా సన్నని కడ్డీలుగా పెంచుతారు. కాంతి కడ్డీ పొడవునా దిగుతుంది. హోల్ మాత్రం పక్కకు రెండడుగులు వేస్తే చాలు, నీరు తగులుతుంది. అయినా హెమటైట్ ఒక్కటే హైడ్రోజన్ ఇవ్వలేదు. బయటి నుంచి కొంత వోల్టేజ్, లేదా జతగా సోలార్ సెల్ ఉండాల్సిందే.

ఇప్పుడు ఎంతవరకు వచ్చింది?

వేరే పదార్థం, స్ట్రోన్షియం టైటనేట్ పొడితో జపాన్ పరిశోధకులు 100 చదరపు మీటర్ల ప్యానెళ్లు ఆరుబయట నడిపారు. 2021లో ప్రకటించిన ఫలితం ప్రకారం అత్యధిక సామర్థ్యం 0.76 శాతమే. సోలార్ ప్యానెల్ కరెంట్‌తో ఎలక్ట్రోలైజర్ నడిపితే ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువే వస్తుంది.

2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల గ్రీన్ హైడ్రోజన్ తయారీ భారత్ లక్ష్యం. ఇందుకోసం 2023 జనవరిలో కేంద్ర కేబినెట్ రూ.19,744 కోట్ల మిషన్‌కు ఓకే చెప్పింది. ప్రస్తుతానికి ఆ భారం ఎలక్ట్రోలైజర్లదే. నానో కడ్డీలు ఆ పోటీలోకి రావాలంటే సామర్థ్యం పెరగాలి, నీళ్లలో ఏళ్ల తరబడి చెడిపోకుండా నిలవాలి.