మెలకువలోనే మెదడు ఆపరేషన్

మెదడులో గడ్డ ఉందని తెలియగానే బందరులోనైనా, గుడివాడలోనైనా, దివిసీమ పల్లెల్లోనైనా ఇంటివారి భయం ఒకటే: ఆపరేషన్ చేస్తే మాట పోతుందేమో, కాలూ చెయ్యీ పడిపోతాయేమో!

ఆ భయం ఉత్తది కాదు. మాటనూ కదలికనూ నడిపే భాగాల పక్కనే గడ్డ ఉంటే ప్రమాదమే. అందుకే కొందరికి మెలకువలోనే ఆపరేషన్ చేస్తారు. మెదడుకు నొప్పి తెలియదు. నొప్పి తెలిసే తల చర్మానికి మత్తు సూది ఇస్తారు. సన్నని విద్యుత్తుతో మెదడును తాకుతూ రోగిని మాట్లాడిస్తారు, చెయ్యి ఎత్తమంటారు. ఎక్కడ తాకితే మాట తడబడుతుందో, ఆ చోటు జోలికి పోకుండా గడ్డను తీస్తారు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2017లో గుంటూరులో ఒక నర్సుకు 'బాహుబలి-2' చూస్తుండగా ఈ ఆపరేషన్ జరిగింది. 2024లో కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో ఒక తల్లి 'అదుర్స్' చూస్తుండగా గడ్డ తీశారు.

ఇది అందరికీ సరిపడదు. చిన్న పిల్లలకు, కదలకుండా పడుకోలేనివారికి కష్టం. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు మాట తడబడవచ్చు కూడా.

ప్రియులారా, మన సంఘంలో ఎవరికైనా ఇలాంటి కబురు వస్తే ప్రార్థించి ఊరుకోవద్దు. తోడుగా ఆసుపత్రికి వెళ్లి, "గడ్డ ఎక్కడుంది డాక్టరుగారూ? మెలకువ ఆపరేషన్ వీరికి పనికొస్తుందా?" అని అడుగుదాం. భయంతో ఆలస్యం చేస్తే గడ్డ ఆగదు కదా!