దూరపు పరుగు: పుట్టుకయా, అభ్యాసమా?

తెలంగాణ సరిహద్దునకు చేరువనున్న బీదరు పట్టణమును, దానిని ఆనుకొనియున్న చిద్రియు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనివే. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ కలసి వినవచ్చు ఈ సీమలో హబ్షీకోట అను పేరుగల గుట్ట యొకటి కలదు. హబ్షీలనగా అబిసీనియా, అనగా నేటి ఇథియోపియా, నుండి వచ్చినవారు. కాలక్రమమున ఆఫ్రికా వారందరికిని ఈ దేశమున ఆ పేరే చెల్లెను. బీదరు బహమనీ సుల్తానుల రాజధానిగానున్న 15వ శతాబ్దమున వీరు సైనికులుగను, అధికారులుగను పేరొందిరి. హైదరాబాదులోని ఏ.సీ. గార్డ్సు పేటకు ఆ పేరు నిజాము కొలువులోని ఆఫ్రికా అశ్వదళమును బట్టియే వచ్చినది.

ఆ ఇథియోపియా దేశస్థుడే యగు అబెబె బికిలా 1960లో రోము ఒలింపిక్సు మారథాను పరుగును పాదరక్షలు లేకయే 2 గంటల 15 నిమిషముల 16 సెకండ్లలో ముగించి స్వర్ణపతకము గెలిచెను. పిమ్మట కెన్యా, ఇథియోపియా వారు దూరపు పరుగులలో అగ్రస్థానము నందుకొనిరి. దానితో "పరుగు వారి రక్తములోనే యున్నది" అను మాట లోకమున నాటుకొనెను. ఆ మాటయే నిజమైనచో, దక్కనులో స్థిరపడిన ఆఫ్రికా సంతతివారికిని ఆ శక్తి యుండవలెను గదా! ఈ ప్రశ్న ఊహకే పరిమితము కాలేదు. కర్ణాటకములోనే దానికొక పరీక్ష జరిగినది.

సిద్దీల యనుభవము

ఉత్తర కన్నడ జిల్లా యందలి ఎల్లాపురము, హళియాళము ప్రాంతముల అడవి పల్లెలలో సిద్దీలు నివసించుచున్నారు. వీరి పూర్వికులు ఆఫ్రికానుండి తేబడినవారు. 1980వ దశకమున భారత క్రీడాప్రాధికార సంస్థ ఈ కారణము చేతనే సిద్దీ బాలబాలికలను ఎన్నుకొని, వసతి, ఆహారము, శిక్షణ కల్పించెను. వారిలో కొందరు జాతీయస్థాయి పోటీలలో రాణించిరి. కాని 1993లో ఆ పథకము నిలిచిపోయెను. పిల్లలలో అనేకులు తిరిగి పల్లె చేరిరి.

2011లో హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రపు శాస్త్రజ్ఞులు సిద్దీల జన్యువులను పరిశీలించి, వారి ఆఫ్రికా మూలము ప్రధానముగ బంటూ భాషలు మాటలాడు ప్రజలకు చెందినదనియు, దానితో భారతీయ, ఐరోపా రక్తసంబంధములు కలసినవనియు తెలిపిరి. కెన్యా విజేతలలో పెక్కుమంది పుట్టిన కలెంజిన్ తెగవారు వేరొక భాషాకుటుంబమువారు, ఎత్తైన పీఠభూమి వాసులు. ఆఫ్రికా ఖండములోని ప్రజల మధ్యనున్నంత జన్యుభేదము మరియే ఖండమునను లేదు. కావున "ఆఫ్రికా సంతతి" అను ఒక్క మాటతో పరుగు శక్తిని కొలుచుట మొదటనే పొరపాటు.

వంశమున వచ్చునదేమి?

అట్లని వంశమునకు పాత్రయే లేదనుట సరికాదు. దూరపు పరుగునకు ముఖ్యముగా మూడు శక్తులు కావలెను. మొదటిది, దేహము ఒక నిమిషమున వినియోగించుకొనగల ప్రాణవాయువు యొక్క గరిష్ఠ పరిమాణము. రెండవది, ఆ గరిష్ఠములో ఎంత భాగమును అలసట లేక చిరకాలము నిలుపుకొనగలడనునది. మూడవది, ఒక వేగమున పరుగెత్తుటకు అయ్యెడి ప్రాణవాయువు వ్యయము. సన్నని పిక్కలు గలవానికి కాలు కదపుటకు పట్టు శ్రమ తక్కువ. ఇట్టి దేహనిర్మాణము చాలవరకు పుట్టుకతో వచ్చునదే.

1999లో ప్రకటితమైన హెరిటేజ్ పరిశోధన ఈ విషయమున ప్రసిద్ధము. వ్యాయామపు అలవాటు లేని 98 కుటుంబములలోని 481 మందికి 20 వారములు ఒకే పద్ధతిని శిక్షణ నిచ్చిరి. ప్రాణవాయువు వినియోగము సగటున నిమిషమునకు సుమారు 400 మిల్లీలీటర్లు పెరిగెను. కాని కొందరిలో పెరుగుదల దాదాపు శూన్యము. మరికొందరిలో అది ఒక లీటరును దాటెను. ఈ భేదములో గరిష్ఠముగా 47 శాతము వంశమును బట్టి యుండవచ్చునని తేల్చిరి. అనగా శిక్షణకు దేహము స్పందించు తీరు సైతము కొంతవరకు వారసత్వమే. అయితే ఈ సంఖ్య జనసమూహములోని భేదమునకు సంబంధించినది. ఒక వ్యక్తి శక్తిలో 47 పాళ్లు తల్లిదండ్రులవి, తక్కినవి తనవి అని దాని అర్థము కాదు.

ఒకే జన్యువు పెద్ద మేలు చేసిన ఉదాహరణమును కలదు. ఫిన్లండు దేశపు మంచుపరుగు వీరుడు ఈరో మాంటిరాంటా 1964 ఒలింపిక్సులో రెండు స్వర్ణపతకములు గెలిచెను. ఎర్ర రక్తకణములను అధికముగా పుట్టించు జన్యుమార్పు అతని కుటుంబమున కలదని 1993లో తెలియవచ్చినది. కాని ఆ మార్పు గల బంధువులందరును అంతటివారు కాలేదు. వర మున్నను సాధన వేరు.

అభ్యాసపు పాత్ర

చెకోస్లొవేకియాకు చెందిన ఎమిల్ జటోపెక్ 1952 హెల్సింకి ఒలింపిక్సులో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాను మూడింటను గెలిచెను. నడుమ స్వల్ప విరామములతో వేగపు పరుగులను పదేపదే సాగించుటయే ఆయన పద్ధతి. కెన్యాలోని ఇటెన్ పట్టణము సుమారు 2,400 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట గాలి పలుచన గనుక రక్తకణములు వృద్ధి చెందును. బీదరు పీఠభూమి ఎత్తు 2,000 అడుగులకు మించినను ఆ ప్రయోజనమునకు చాలదు. కెన్యాలో ఎత్తైన నేలకు తోడు బాల్యమునుండి నడక, పరుగు, జట్టుగా చేయు సాధన, గెలిచినవారిని చూచి కలిగెడి ఆశ చేరినవి. వీటిలో ఏ ఒక్కదానిని విడదీసి కారణమనుట కష్టము.

జన్యుపరీక్షతో బాలుని భవిష్యత్తును తెలుపుదుమను వ్యాపారము నేడు బయలుదేరినది. ఆటగాండ్ర ఎన్నికకు ఇట్టి పరీక్షలు పనికిరావని 2015లో ఆ రంగపు నిపుణులు ఉమ్మడిగా ప్రకటించిరి. పరుగు శక్తిపై పెక్కు జన్యువులు స్వల్పస్వల్పముగా పనిచేయుటయే ఇందులకు కారణము.

ఇందు తేలునదేమనగా, పుట్టుక ఒక హద్దు నేర్పరచును. ఆ హద్దు ఎక్కడ నున్నదో సంవత్సరముల తరబడి పరుగెత్తినగాని తెలియదు. మన పాఠశాలలలో కులమును, ఊరును, దేహపు రంగును చూచి "వీడు పరుగెత్తగలడు, వీడు పరుగెత్తలేడు" అనుట సిద్దీల విషయమున జరిగిన పొరపాటునే మరల చేయుట. పిల్లలందరిని పరుగెత్తనిచ్చి, కాలమును కొలిచి, కొన్ని మాసముల శిక్షణ పిమ్మట మరల కొలువవలెను. మొదటి దినమున ముందున్నవానితోపాటు ఎక్కువగా మెరుగుపడినవానిని గూడ గుర్తించి, ఇరువురికిని ఆహారము, శిక్షకుడు, తగినంత వ్యవధి సమకూర్చవలెను. ఆ అవకాశము లభించని బాలుని శక్తి యెంతటిదో అతనికిని తెలియదు, దేశమునకును తెలియదు.