కడలి అడుగున వలలు కోసే ఈతగాళ్లు
తెగిన వల ఒడ్డున పడి ఉన్నా చివరికి చేరేది సముద్రానికే

భద్రాచలం: 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ట లాంచీ మునిగిపోయిన సంగతి గోదావరి ఒడ్డున ఎవరూ మరచిపోలేదు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న దానిని ఒడ్డుకు చేర్చింది. ఆ పనిలో వీపున గాలి సిలిండరు కట్టుకొని బురదనీటి అడుగుకు దిగి, తడుముకొంటూ తాళ్లు కట్టిన విశాఖపట్నం ఈతగాళ్ల గురించి ఆ రోజుల్లో పల్లెల్లో చాలా మాట్లాడుకొన్నారు. వీరిని స్కూబా డైవర్లు అంటారు.

ఇలాంటి డైవర్లలో మరో పని చేసేవారు కూడా ఉన్నారు. వారు దిగేది శవాల కోసమో మునిగిన పడవల కోసమో కాదు, చేపల కోసం, తాబేళ్ల కోసం. అదీ పట్టడానికి కాదు, వదిలించడానికి.

సముద్రంలో రాళ్లకు తగులుకొని తెగిన వల అక్కడితో ఊరుకోదు. జాలరి ఇంటికి వెళ్లిపోయినా అది వేటాడుతూనే ఉంటుంది. చేప చిక్కి చస్తుంది. చచ్చిన చేపను తినడానికి పీత వస్తుంది, అదీ చిక్కుతుంది. పీత కోసం మరొకటి. ఈ వేటలో అమ్మేవారు లేరు, కొనేవారు లేరు, వండుకొనేవారు అసలే లేరు. ఇంగ్లీషువారు వీటికి దయ్యపు వలలు అని పేరు పెట్టారు. పేరు బాగానే కుదిరింది.

తాతల కాలంలో వలలు నూలు దారంతో అల్లేవారు. చెట్టు బెరడు కషాయంలో ముంచి, ఎండబెట్టి జాగ్రత్త చేయకపోతే ఇట్టే చివికిపోయేవి. పోగొట్టుకొన్న వల నీటిలోనే కుళ్లి మాయమయ్యేది. నైలాన్ వచ్చాక జాలరికి శ్రమ తగ్గింది, అందుకు ఎవరినీ తప్పు పట్టనక్కరలేదు. కానీ కుళ్లకపోవడమనే ఆ సుగుణమే నీటి అడుగున శాపమై కూర్చున్నది.

విశాఖపట్నం దగ్గర రుషికొండ తీరంలో స్కూబా నేర్పేవారు కొన్నేళ్లుగా ఉన్నారు. అక్కడ కడలి అడుగు అంతా ఇసుకే కాదు, రాతి దిబ్బలు కూడా ఉన్నాయి. చేప పిల్లలు దాగి పెరిగేది ఆ రాళ్ల సందుల్లోనే, వలలు చుట్టుకొనేదీ ఆ రాళ్లకే. వచ్చేపోయే సందర్శకులకు సముద్రం లోపలి వింతలు చూపి జీవనం సాగించే ఈ డైవర్లు, 2020 తర్వాతి సంవత్సరాలలో పలుమార్లు అడుగున పడిన ప్లాస్టిక్ సంచులు, సీసాలు, తెగిన వలలు ఏరి పైకి తెచ్చారు.

గాలి లెక్క

సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకొంటారు. అది సరికాదు. మనం పీల్చే మామూలు గాలినే లారీ టైరులో ఉండే ఒత్తిడికి పాతిక రెట్లు ఒత్తిడితో కుదించి నింపుతారు. నోటిలో పెట్టుకొన్న గొట్టం గుండా, పీల్చినప్పుడు మాత్రమే గాలి వచ్చే పరికరాన్ని 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు రూపొందించారు. ఇప్పటికీ వాడుతున్నది ఆ పద్ధతినే.

నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ, భూమి మీద మనపై ఉన్న గాలి బరువంత బరువు అదనంగా పడుతుంది. 20 మీటర్ల లోతున ఒక్కొక్క శ్వాసకూ పైన పట్టే గాలికి మూడింతలు ఖర్చు. ఒడ్డున కూర్చుని పీలిస్తే రెండు గంటలు వచ్చే సిలిండరు అక్కడ నలభై నిమిషాలకే ఖాళీ. ఆ నలభై నిమిషాల్లోనే దిగాలి, పని చేయాలి, పైకి రావాలి.

పోనీ గబగబా పైకి వచ్చేద్దామా అంటే అదీ కుదరదు. గోలీ సోడా కొట్టగానే బుడగలు ఎలా పొంగుతాయో, లోతున ఒత్తిడికి రక్తంలో కలిసిన గాలి, తొందరపడి పైకి వస్తే అలాగే బుడగలు కడుతుంది. కాళ్లు చేతులు పడిపోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. కనుక అడుగున ఏమి చిక్కుకొని ఉన్నా, ఎంత పని మిగిలిపోయినా, నిదానంగానే రావాలి.

ఒంటరిగా ఎవరూ దిగరు. ఇద్దరిద్దరు జతగా వెళతారు. వల కోసేవాడి కాలికే వల చుట్టుకొనే ప్రమాదం ఉన్నది, అప్పుడు రెండోవాడి కత్తే దిక్కు. ముందుగా వలలో బతికి ఉన్న జీవులను విడిపిస్తారు. ఆ తర్వాత కొంచెం కొంచెంగా కోసి, గాలి సంచికి కట్టి, సంచిలోకి సిలిండరు గాలి వదులుతారు. సంచి ఉబ్బి వలను ఎత్తుకొని పైకి పోతుంది. వల మీద పగడపు జీవులు అప్పటికే పెరిగి ఉంటే లాగరు. లాగితే వలతో పాటు అవీ ఊడివస్తాయి. చుట్టూ కోసి ఆ ముక్కను అక్కడే వదిలేస్తారు.

తాబేలు మాట వేరు. దానికి మనలాగా ఊపిరితిత్తులే కాని మొప్పలు లేవు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు శీతాకాలంలో మన కోస్తాకు వచ్చి, కాకినాడ ఎదుటి హోప్ ఐలాండ్ వంటి చోట్ల ఇసుకలో గుడ్లు పెడతాయి. వలలో పడి పెనుగులాడే తాబేలు పైకి వచ్చి గాలి పీల్చుకోలేక నీటిలోనే ఊపిరాడక చస్తుంది. తెగిన వలలోనైనా అంతే, జాలరి చేతిలోని వలలోనైనా అంతే.

మాల్దీవుల దాకా

మాల్దీవులు అనే దీవుల దేశంలో జాలరులు గేలపు కర్రలతో చేపలు పడతారు. వలల వాడకం అక్కడ బహు తక్కువ. అయినా అక్కడి తీరాలకు వలల గుట్టలు కొట్టుకొస్తాయి, వాటిలో తాబేళ్లు చిక్కి ఉంటాయి. ఈ బాధ చూడలేక 2013లో ఆలివ్ రిడ్లే ప్రాజెక్టు అనే సంస్థ అక్కడ పుట్టింది. డైవర్లు వలలు తీస్తారు, గాయపడ్డ తాబేళ్లకు వైద్యం కూడా చేయిస్తారు. ఆ వలల్లో ఇరుగుపొరుగు దేశాల నుంచి కొట్టుకుపోయినవి చాలానే ఉంటాయి. ఆ ఇరుగుపొరుగులో భారతదేశమూ ఉన్నది.

భద్రాచలానికి సముద్రంతో పనేమిటని అడగవచ్చు. 2022 జులై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారన్న సంగతి ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. అంతటి నీరు రేవుల్లో ఆరవేసిన వలలను, గట్టు మీది చెత్తను, స్నానఘట్టాల వద్ద భక్తులు వదిలేసిన సంచులను అక్కడే ఉంచి పోదు. కూనవరం వద్ద శబరి తెచ్చినది కూడా కలుస్తుంది. వరద రోజుల్లో ధవళేశ్వరం వద్ద గేట్లన్నీ ఎత్తేస్తారు. ఆ తర్వాత అడ్డమేమీ లేదు.

వల జాలరికి ఆస్తి. కావాలని ఎవరూ పారేసుకోరు. జీవాన్ని కాపాడమని చెప్పేవారు వల ఖరీదు ఎవరు పెట్టుకొంటారో కూడా చెప్పాలి. ఈ విషయంలో గుజరాత్‌లో జరిగినది మన రామభక్తులకు రుచిస్తుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప అయిన తిమింగల సొరను అక్కడ కాలేయపు నూనె కోసం, మాంసం కోసం వందలాదిగా చంపేవారు. ఆ నూనెను పడవల చెక్కకు పూసేవారు. 2001లో వన్యప్రాణి చట్టం కింద దాని వేటను నిషేధించారు. కాగితం మీది చట్టం రేవుకు చేరడానికి మాత్రం రామకథ చెప్పే మొరారి బాపు కావలసి వచ్చింది. 2004లో మొదలైన ప్రచారంలో ఆయన, ఈ సొర కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ అని చెప్పారు. వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, అటవీశాఖ తోడయ్యాయి. సొర వలలో పడితే జాలరులే వల కోసి వదిలేయసాగారు. కోసిన వలకు ప్రభుత్వం పరిహారం ఇవ్వసాగింది. అలా వందల సొరలు బతికిపోయాయి.

2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గర తంతడి తీరానికీ ఒక తిమింగల సొర వచ్చి చిక్కుకొన్నది. అటవీశాఖవారూ, స్థానిక జాలరులూ కలిసి దానిని లోతు నీటికి తోశారు. సిలిండర్లు లేవు, గాలి సంచులు లేవు. ఆటుపోట్లు తెలిసిన మనుషులు నీళ్లలో దిగి తోశారు, అది ఈదుకొంటూ పోయింది.