గోల్ఫ్ డ్రైవర్ కొంటున్నారా? స్పెక్స్ కంటే ముందు మీ స్వింగ్ స్పీడ్ చూసుకోండి

ఫోన్ల సైట్‌లో గోల్ఫ్ ఏంటి అనుకోకండి, డ్రైవర్ కూడా గ్యాడ్జెటే. టాప్ బ్రాండ్ల కొత్త మోడల్ అమెరికాలో దాదాపు 600 డాలర్లు, అంటే ఒక మంచి ఫోన్ రేటు. కాకపోతే ఫోన్ ఎవరి చేతిలో పెట్టినా ఒకేలా పనిచేస్తుంది. డ్రైవర్ అలా కాదు. ప్రో ప్లేయర్ వాడేదే మీరూ కొంటే, బాల్ అతనికంటే ముందే కింద పడుతుంది, అదీ పక్క ఫెయిర్‌వేలో.

ముందు ఒక విషయం తెలిస్తే సగం డబ్బులు సేఫ్. డ్రైవర్ హెడ్ సైజు 460 సీసీ దాటకూడదని రూల్. ఫేస్ ఎంత స్ప్రింగ్‌లా పనిచేయాలో కూడా యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ లిమిట్ పెట్టాయి. పెద్ద కంపెనీలన్నీ ఎప్పుడో ఆ లిమిట్ దగ్గరికి చేరిపోయాయి. కాబట్టి సరిగ్గా మధ్యలో తగిలితే ఈ ఏడాది మోడల్‌కి, నాలుగేళ్ల కిందటి మోడల్‌కి దూరంలో పెద్ద తేడా రాదు. తేడా అంతా బాల్ పక్కకి తగిలినప్పుడే.

అక్కడే ఎంఓఐ అనే స్పెక్ వస్తుంది. బాల్ ఫేస్ అంచున తగిలినా హెడ్ ఎంత తక్కువ తిరుగుతుందో చెప్పే నంబర్ ఇది. 2024లో టేలర్‌మేడ్ క్యూఐ10 మ్యాక్స్, పింగ్ జీ430 మ్యాక్స్ 10కే రెండూ "10 వేల ఎంఓఐ" అని ప్రచారం చేసుకున్నాయి. వినడానికి బాగుంది కానీ, అది అడ్డంగా తిరిగేది, నిలువుగా తిరిగేది రెండూ కలిపిన లెక్క. రూల్ లిమిట్ ఉన్నది అడ్డం లెక్కకి, అది 5,900. మెయిన్ కెమెరా, అల్ట్రావైడ్ కెమెరా మెగాపిక్సెల్స్ కలిపి ఒకే నంబర్ చెప్పినట్టు అన్నమాట. అబద్ధం కాదు, మార్కెటింగ్. అయినా కొత్తగా ఆడేవాళ్లకి ఈ టైపు హెడ్డే కరెక్ట్, ఎందుకంటే మధ్యలో తగలడం వాళ్లకి ఇంకా అలవాటు కాలేదు.

ఇక అసలు మ్యాటర్, లాఫ్ట్. అంటే ఫేస్ వెనక్కి ఎంత వాలి ఉందో. చాలామంది 9 డిగ్రీలు అడుగుతారు, అది మగాళ్ల నంబర్ అన్నట్టు! కానీ స్వింగ్ నెమ్మదిగా ఉన్నప్పుడు బాల్ గాల్లో నిలబడాలంటే ఎత్తుగా లేవాలి, కొంచెం స్పిన్ కూడా కావాలి. పీజీఏ టూర్ ప్లేయర్ల సగటు స్వింగ్ స్పీడ్ గంటకి సుమారు 115 మైళ్లు, ఎల్‌పీజీఏ ప్లేయర్లది సుమారు 95. వీకెండ్‌లో ఆడే మన ఆఫీసు బ్యాచ్‌లో ఆ 95 దాటేవాళ్లు తక్కువే. మీది 85 లోపు ఉంటే మొహమాటం లేకుండా 12 డిగ్రీలు తీసుకోండి. 85 నుంచి 95 అయితే 10.5 బాగా సరిపోతుంది. 105 దాటి, బాల్ రోజూ మధ్యలోనే తగులుతుంటే అప్పుడు 9 డిగ్రీలు, ఎల్‌ఎస్ అని రాసుండే తక్కువ స్పిన్ హెడ్స్ గురించి ఆలోచించొచ్చు. ఎల్‌ఎస్ హెడ్ మిస్-హిట్స్‌ని అంతగా క్షమించదు.

షాఫ్ట్ కూడా ఇదే లెక్క: 85 లోపు సీనియర్, 95 దాకా రెగ్యులర్, ఆపైన స్టిఫ్. అయితే దీనికి ఇండస్ట్రీ స్టాండర్డ్ అంటూ లేదు. ఒక కంపెనీ స్టిఫ్ ఇంకో కంపెనీ రెగ్యులర్ లాగా ఉండొచ్చు. కొట్టి చూడకుండా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకండి.

స్పీడ్ ఎలా తెలుస్తుంది? సిమ్యులేటర్ సెంటర్‌లో ఒక గంట బుక్ చేసుకుంటే చాలు. గార్మిన్ ఆర్10 లాంటి చిన్న రాడార్‌ని బాల్ వెనకాల 6 నుంచి 8 అడుగుల దూరంలో పెట్టి ఫోన్‌లో చూసుకోవచ్చు. కానీ దాని లాంచ్ రేటు కూడా 600 డాలర్లే, కాబట్టి ఫ్రెండ్ దగ్గర ఉంటే అడగండి. చూడాల్సింది బాల్ స్పీడ్‌ని స్వింగ్ స్పీడ్‌తో భాగిస్తే వచ్చే స్మాష్ ఫ్యాక్టర్. మ్యాక్సిమం 1.5 దగ్గర ఉంటుంది. స్వింగ్ 90, బాల్ 120 వస్తే అది 1.33. ఆ పరిస్థితిలో కొత్త డ్రైవర్ కంటే కోచ్ దగ్గర నాలుగు క్లాసులే ఎక్కువ గజాలు ఇస్తాయి.

బాల్ ఎప్పుడూ కుడికే వంకర తిరుగుతుంటే, కుడిచేతి వాళ్లు మడమ వైపు బరువు పెట్టిన డ్రా మోడల్ చూడండి. కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఇప్పటి డ్రైవర్లలో చాలావాటికి లాఫ్ట్ మార్చుకునే స్లీవ్ ఉంటుంది. లాఫ్ట్ పెంచితే ఫేస్ కొద్దిగా ఎడమకి మూసుకుంటుంది, అది కూడా స్లైస్ ఉన్నవాళ్లకి ప్లస్సే. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ఆ స్క్రూ తిప్పే రెంచ్ ఇస్తున్నారో లేదో అడగండి, ఫేస్ మీద సన్నని పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో తిప్పి చూడండి. మొదటి డ్రైవర్‌గా రెండు మూడేళ్లు పాతదే నా ఓటు.